మొదటి ఐదు వరసలు చూసి లెక్క చెప్పొద్దు

కర్ణాటకలోని పావగడ తాలూకాలో చదువుకున్న పిల్లలు ఇప్పుడు చేస్తున్న ఉద్యోగాలు పైకి రకరకాలుగా కనిపిస్తాయి. ఒకరు తిరుమణి సోలార్ పార్కులో షిఫ్టు డ్యూటీ, ఒకరు గ్రామ పంచాయితీలో డేటా ఎంట్రీ ఆపరేటరు, ఒకరు పాల సొసైటీలో లెక్కలు, అరసికెరె నుంచి వెళ్లిన ఇంకొకరు బెంగళూరులో ఏదో కంపెనీలో ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్. వీళ్లందరి పనిలోనూ ఒక ముక్క మాత్రం ఒకటే. ఎవరో ఒక ఫైలు పంపుతారు. అందులో వేల వరసలుంటాయి. దాన్ని తెరిచి, చూసి, సాయంత్రంలోగా పైవాళ్లకు ఒక అంకె చెప్పాలి. ఆ అంకె మీద ఎవరి బిల్లో, ఎవరి కౌలో, ఎవరి తాగునీళ్లో ఆధారపడి ఉంటాయి.

ఈ వ్యాసం ఆ 'చూడడం' గురించి. చూడడానికి ఏముంది, ఫైలు తెరిస్తే కనబడుతుంది కదా అనుకునేవాళ్ల కోసమే రాస్తున్నాను.

ఎక్సెల్‌తో మొదలైనవాళ్లు కొంతకాలానికి పైథాన్ దగ్గరికి వస్తారు. అందులో పట్టికల పనికి పాండాస్ అనే లైబ్రరీ ఉంది. వెస్ మెకిన్నీ అనే అమెరికన్ 2008లో ఒక పెట్టుబడుల సంస్థలో పనిచేస్తూ దాన్ని రాయడం మొదలుపెట్టాడు, తర్వాత అందరికీ ఉచితంగా వదిలారు. కంప్యూటర్లో ఏమీ ఎక్కించుకోలేనివాళ్లు గూగుల్ కోలాబ్‌లో బ్రౌజరులోనే వాడుకోవచ్చు. రీడ్ సీఎస్‌వీ అనే ఆదేశంతో ఫైలును చదివించి, దానికి డీఎఫ్ అని పేరు పెడతాం. తర్వాత డీఎఫ్, చుక్క, హెడ్, ఖాళీ బ్రాకెట్లు. ఎంటర్ కొడితే మొదటి ఐదు వరసలు తెర మీదికి వస్తాయి. నేర్పేవాళ్లందరూ మొట్టమొదట నేర్పేది ఇదే. చాలామంది చూడడం కూడా ఇక్కడితోనే ఆగిపోతుంది.

హెడ్ పనికిరానిదని కాదు. ఫైలు ఎలా కట్టారో అది చెబుతుంది. ప్రభుత్వ కార్యాలయాల నుంచి వచ్చే పట్టికల్లో పైన రెండు మూడు వరసలు కార్యాలయం పేరు, తాలూకా పేరు, తేదీ ఉంటాయి. అసలు కాలమ్ పేర్లు నాలుగో వరసలో మొదలవుతాయి. హెడ్ కొట్టగానే 'అన్‌నేమ్డ్' అంటూ పేరులేని కాలమ్‌లు వరసకట్టి కనిపిస్తే సంగతి అదేనన్నమాట. స్కిప్‌రోస్ అని రాసి పై వరసలు వదిలేయమంటే సరిపోతుంది. అలాగే కన్నడ పేర్లుండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే అది పాత నుడి ఫాంటులో కొట్టిన ఫైలు. మన తెలుగులో అను ఫాంటుదీ ఇదే కథ. ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చుకోకుండా పని మొదలుపెట్టకూడదు. ఇంతవరకూ ఐదు వరసలు చాలు.

లోపల ఏముందో చెప్పడానికి మాత్రం ఆ ఐదూ చాలవు. ఫైలు ఎప్పుడూ ఏదో ఒక క్రమంలో పేర్చి ఉంటుంది. తేదీ క్రమంలోనో, ఊళ్ల పేర్ల క్రమంలోనో, నంబర్ల క్రమంలోనో. కాబట్టి పైనున్న ఐదు వరసలు ఒకే రోజువో, ఒకే ఊరివో అయి ఉంటాయి. శనక్కాయల మూటకు గొట్టం గుచ్చి లోపలి కాయ తీసి చూడకుండా ధర కట్టే వ్యాపారి ఎవరూ ఉండరు.

సోలార్ పార్కు ఫైలే తీసుకుందాం. తిరుమణి, వళ్లూరు, బళసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఐదు ఊళ్ల భూముల్లో, సుమారు 13,000 ఎకరాల్లో పరుచుకున్న పార్కు అది. 2018 మార్చి 1న ప్రారంభమైంది, 2019 ఆఖరుకు 2,050 మెగావాట్లకు చేరింది. మన దేశంలో కరెంటు లెక్కలు 15 నిమిషాల ముక్కలుగా నడుస్తాయి, రోజుకు 96 ముక్కలు. ఒక రోజు ఫైలు తెరిచి హెడ్ కొడితే వచ్చేవి అర్ధరాత్రి పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఉన్న వరసలు. ఐదింట్లోనూ సున్నాలే. కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని చూసి కంగారుపడతాడు.

"అన్నా, ఈ ఇన్వర్టరు పోయినట్టుంది. అంతా సున్నా చూపిస్తోంది."

"టైమెంత ఉందో చూసినావా? నడిరాత్రి ఎండ ఎక్కడిదప్పా!"

సూర్యోదయం దాకా అంటే సుమారు 24 వరసలు అలాగే ఉంటాయి. అసలు చూడాల్సింది మధ్యాహ్నం. డీఎఫ్, చుక్క, ఐలాక్ అని రాసి చదరపు బ్రాకెట్లలో 48, కోలన్, 53 అని ఇవ్వండి. పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, చివరి అంకెను కలుపుకోదు. కాబట్టి పన్నెండింటి నుంచి ఒంటిగంట దాకా ఐదు వరసలు వస్తాయి. మబ్బులేని రోజున అక్కడ కూడా సున్నా ఉంటే అప్పుడు ఫోన్ చేయాలి. ఇంకొకటి కూడా గమనించాలి. ఉత్పత్తి పొద్దున్నే ఆరున్నర ప్రాంతంలో శిఖరానికి చేరి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పడిపోతున్నట్టు కనిపిస్తే యంత్రంలో లోపం వెతకొద్దు. అంకెలు నమోదుచేసే లాగరు గ్రీనిచ్ సమయంలో రాస్తోంది. మన సమయానికి ఐదున్నర గంటలు కలపాలి. ఎండ ఎప్పుడు ముదురుతుందో తెలిసినవాడికి ఇది ఒక్క చూపులో తడుతుంది. మూడు నెలల కోర్సు చేసినా ఈ చూపు దానంతటది రాదు.

వాన లెక్కల ఫైళ్లూ అంతే. జనవరి 1 నుంచి మొదలయ్యే ఏడాది ఫైలులో మన వైపు మొదటి ఐదేం ఖర్మ, మొదటి యాభై వరసలు కూడా సున్నాలే ఉండొచ్చు. అది కరువు సీమ గుణం, వర్షమాపకం చెడిపోయిందనడానికి ఆధారం కాదు.

ఇప్పుడు నేను ఎక్కువసేపు నిలబడదలచుకున్న చోటికి వస్తున్నాను. అది భూమి కొలత.

కర్ణాటకలో పహణి అనే భూమి పత్రంలో విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో ఉంటుంది. ఎకరాకు 40 గుంటలు. పావగడకు ఆనుకుని ఉన్న ఆంధ్ర వైపు అడంగల్‌లో ఎకరాలు, సెంట్లు. ఎకరాకు 100 సెంట్లు. మన తాలూకా సరిహద్దులో ఉండడంతో, ఒకే ఇంట్లో అన్నదమ్ములకు మడకశిర వైపు రెండెకరాలు, ఇటువైపు మూడెకరాలు ఉండడం మామూలే. మాట్లాడుకునేటప్పుడు ఎవరూ పొరపడరు. ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడే చిక్కు. రెండెకరాల ఇరవై గుంటలను ఆపరేటరు 2.20 అని కొడతాడు. ఎక్సెల్ దాన్ని మామూలు దశాంశ సంఖ్య అనుకుని, వెనకనున్న సున్నా తీసేసి 2.2 అని చూపిస్తుంది. ఇంకో ఊరి ఆపరేటరు రెండెకరాల రెండు గుంటలను కూడా 2.2 అనే కొట్టి ఉంటాడు. ఫైలులో రెండూ ఒకటైపోయాయి.

దీని బరువెంతో చూడండి. సోలార్ పార్కుకు ఇచ్చిన భూమికి ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టారు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. ఆ మొదటి రేటుతోనే లెక్క వేద్దాం. రెండెకరాల ఇరవై గుంటలంటే రెండున్నర ఎకరాలు, కౌలు 52,500. ఎవరైనా ఆ 2.2ను దశాంశంగా తీసుకుని గుణిస్తే 46,200 వస్తుంది. 6,300 తేడా, ఒక్క రైతుకు, ఒక్క ఏడాదికి. కూడికలో కూడా అంతే. 2.30కి 1.20 కలిపితే ఎక్సెల్ 3.50 అంటుంది. నిజానికి అది నాలుగెకరాల పది గుంటలు. ఇంకా బాధ కలిగించే సంగతి, ఈ తప్పు అటూ ఇటూ సమానంగా పడదు. రెండంకెలుగా సరిగ్గా రాసిన గుంటలను దశాంశంగా చదివితే 40తో భాగించాల్సినచోట 100తో భాగించినట్టు. అంటే ప్రతిసారీ రైతు భూమి తగ్గుతుంది, ఒక్కసారి కూడా పెరగదు. అందుకే ఈ ఫైళ్ల మీద పనిచేసేవాళ్లు ఒక్క నిమిషం ఎక్కువ చూడాలని గట్టిగా చెబుతున్నాను.

హెడ్ ఇక్కడ ఏ సాయమూ చేయదు. మొదటి ఐదు వరసల్లో 1.10, 3.25, 2.05, 0.38, 1.15 అని ఉంటే అవి గుంటలో సెంట్లో ఎవరూ చెప్పలేరు. తేల్చేది ఎక్కడో వెయ్యో వరసలో ఉన్న ఒక 55. గుంటల ఫైలు అయితే చుక్క తర్వాత 39 దాటకూడదు. దాటిందంటే అది సెంట్ల ఫైలు, లేదా రెండూ కలిసిపోయిన ఫైలు. కాబట్టి చివరి అంచులు చూడాలి. పద్ధతి ఇది. ఫైలు చదివించేటప్పుడే డీటైప్ ఈక్వల్స్ ఎస్‌టీఆర్ అని ఇవ్వండి. అప్పుడు పాండాస్ అన్నిటినీ అక్షరాలుగానే ఉంచుతుంది, ఫైలులో 2.20 అని ఉంటే 2.20 గానే వస్తుంది. తర్వాత స్ప్లిట్‌తో చుక్క దగ్గర విడగొట్టి, రెండో ముక్కను అంకెగా మార్చి, మ్యాక్స్ అడగండి. 39 లోపల ఉంటే ఎకరాలకు గుంటలను 40తో భాగించి కలపండి. ఎక్కువుంటే ఆ వరసలను మాత్రమే తెర మీదికి తెప్పించి, ఏ ఊళ్లవో చూడండి. ఆ రెండో ముక్కలో ఒంటి అంకెలు కనిపిస్తే, అంటే సున్నా ముందే పోయి ఉంటే, కోడ్‌తో బాగుచేసే దారి లేదు. పహణి దగ్గరికి తిరిగి వెళ్లాల్సిందే. కర్ణాటకలో భూమి పథకం కింద సుమారు 67 లక్షల మంది భూయజమానుల పహణీలు కంప్యూటరీకరించి ఉన్నాయి గనుక, మూల పత్రం తెప్పించుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు.

సర్వే నంబర్లకూ ఇదే జాగ్రత్త. 12/3 అనే సర్వే నంబరును ఎక్సెల్ తేదీ అనుకుంటుంది, కంప్యూటరు సెట్టింగును బట్టి మార్చి 12నో డిసెంబరు 3నో చేసి కూర్చోబెడుతుంది. 12/45ను మాత్రం ఇంకోలా మింగుతుంది, నెలా సంవత్సరం అనుకుంటుంది. ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండడంతో 2020లో ఆ పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘమే కొన్ని జన్యువుల పేర్లు మార్చింది. సర్వే నంబరు మార్చే అధికారం మనకు లేదు కాబట్టి, ఫైలును ఎక్సెల్‌లో ముట్టుకోకముందే పాండాస్‌లో అక్షరాలుగా చదివించడమే మార్గం. బ్యాంకు ఖాతా నంబర్లు కూడా అంతే. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా గుర్తుపెట్టుకుంటుంది. పదహారో అంకె సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

అంకెలు అక్షరాలయ్యే తిరకాసు కూడా ఉంది. డీఎఫ్, చుక్క, ఇన్ఫో అని కొడితే ప్రతి కాలమ్‌లో ఎన్ని వరసలు నిండి ఉన్నాయో, ఆ కాలమ్‌ను పాండాస్ ఏ రకంగా అర్థం చేసుకుందో వస్తుంది. పాల లీటర్ల కాలమ్ అంకెగా కాక ఆబ్జెక్ట్ అనో, స్ట్రింగ్ అనో కనిపిస్తే ఎక్కడో ఒక చోట గీతో, 'రాలేదు' అనే మాటో, 1,20,000 లాంటి కామాల అంకో ఉన్నట్టు. పదివేల వరసల్లో దాన్ని కళ్లతో వెతకొద్దు. టు న్యూమరిక్ అనే ఆదేశానికి ఎర్రర్స్ ఈక్వల్స్ కోఎర్స్ అని ఇస్తే, అంకెగా మారనివన్నీ ఖాళీలవుతాయి. అలా ఖాళీ అయిన వరసలను మాత్రమే చూపించమనండి. నాకు తెలిసినంతలో ఫైలును చూసే పద్ధతులన్నిటిలోకీ ఫలితం ఎక్కువిచ్చేది ఇదే. మంచి వరసలు ఎలాగూ మంచివే. మాట వినని వరసలను పిలిచి ఎదురుగా నిలబెట్టుకోవాలి.

ఖాళీకీ సున్నాకీ తేడా చూడడం ఇంకా ముఖ్యం. పావగడ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఇక్కడ పుట్టిన ఎవరికీ చెప్పనక్కర్లేదు. పళ్ల మీద గారలు, వంగిపోయిన మోకాళ్లు మనం చూసినవే. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఒక ఊళ్లో నాలుగు బోర్ల ఫైలు వచ్చిందనుకుందాం. రెండింటికి పరీక్ష జరిగింది, 2.4, 1.8 వచ్చాయి. మిగతా రెండూ పరీక్షకు వెళ్లలేదు, ఆ గడుల్లో ఎవరో సున్నా కొట్టారు. సగటు తీస్తే 1.05. కాగితం మీద ఆ ఊరి నీళ్లు ఫరవాలేదన్నట్టు తేలింది. పరీక్ష జరిగిన బోర్ల సగటేమో 2.1. సున్నాలున్న వరసలు విడిగా తీసి చూసి, 'ఈ రెండు బోర్ల నమూనాలు ల్యాబుకు వెళ్లాయా?' అని ఒక్క ఫోన్ చేసే ఆపరేటరు ఆ ఊరికి చేసే మేలు చిన్నది కాదు. మట్టి, రాయి ఉన్న నేలలో బోరు నీళ్లకు కచ్చితంగా సున్నా ఫ్లోరైడ్ రావడమే అనుమానించాల్సిన సంగతి.

ఇక చివరి వరసలు. టెయిల్ కొడితే ఆఖరి ఐదు వస్తాయి. ఇందులో మొట్టమొదట వెతకాల్సింది 'మొత్తం' అనే వరస. ఆఫీసుల నుంచి వచ్చే పట్టికల్లో కింద కూడిక ఉంటుంది. దాన్ని తీయకుండా సమ్ అడిగితే లెక్క సరిగ్గా రెండింతలవుతుంది. రెండోది, ఫైలు పూర్తిగా వచ్చిందా అన్నది. డిసెంబరు 31తో ముగియాల్సింది 30తో ముగిసిందా? ఎక్సెల్ షీటులో 10,48,576 వరసలకు మించి పట్టవు. నిమిషానికొక వరస రాసే ఇన్వర్టరు ఏడాదికి 5,25,600 వరసలు ఇస్తుంది. రెండు ఇన్వర్టర్లకే 10,51,200. షీటు నిండిపోయి ఏడాది చివరి భాగం రాలిపోతుంది. ఎక్సెల్ హెచ్చరిక చూపిస్తుంది, మనం ఓకే నొక్కి ముందుకెళ్లిపోతాం. పాత ఎక్స్ఎల్ఎస్ ఫైలుకైతే హద్దు 65,536 వరసలే. ఆ పాత రకం ఫైలు వాడబట్టే 2020 సెప్టెంబరు ఆఖర్లో, అక్టోబరు మొదట్లో ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాలేదు, వాళ్లను కలిసినవాళ్లను వెతకడం ఆలస్యమైంది. షేప్ అని ఒక్క మాట రాస్తే మొత్తం వరసలెన్నో వస్తుంది. పంపినవాళ్లను 'మీ దగ్గర ఎన్ని వరసలున్నాయి?' అని అడిగి రెండూ పోల్చుకోవడానికి ఎంతసేపు?

పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లూ ఇక్కడ తప్పారు. దేశాల అప్పు, అభివృద్ధి గురించి ఆర్థికవేత్తలు రీన్‌హార్ట్, రోగాఫ్ 2010లో రాసిన పత్రం చాలా ప్రభుత్వాల ఖర్చుల చర్చను ప్రభావితం చేసింది. ఆ ఎక్సెల్ షీటులో సగటు ఐదు దేశాల ముందే ఆగిపోయిందని 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి కనిపెట్టాడు. అతను చేసింది వాళ్ల షీటు తెప్పించుకుని, వరసలు తెరిచి చూడడమే.

మధ్యలో ఏముందో చూడాలంటే శాంపిల్. బ్రాకెట్లలో 10 ఇస్తే ఎక్కడెక్కడివో పది వరసలు తీసి చూపిస్తుంది. ర్యాండమ్ స్టేట్ అని ఒక అంకె కూడా ఇవ్వండి. అప్పుడు పక్క సీటులో ఉన్నవాళ్లు అదే ఆదేశం కొట్టినా అవే పది వరసలు వస్తాయి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఊళ్ల పేర్లకు, జిల్లాల పేర్లకు వాల్యూ కౌంట్స్ వాడండి. ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో జాబితా ఇస్తుంది. 2014 నవంబరు 1 నుంచి తుమకూరు అయిన జిల్లా, పాత ఫైళ్లలో తుమ్‌కూరు గానే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది గనుక, మడకశిర, హిందూపురం అంతకుముందు అనంతపురం కింద, ఆ తర్వాత కొత్త జిల్లా కింద వస్తాయి. పేరు చివర కనపడని ఖాళీ ఒకటుంటే పావగడ రెండు పావగడలవుతుంది. పావగడ తాలూకాలోని మన అరసికెరెదైతే మరీ చిక్కు. హాసన్ జిల్లాలో రైల్వే జంక్షన్ ఉన్న తాలూకా కేంద్రం కూడా దాదాపు అదే పేరు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక అక్షరం అటూ ఇటూ అయితే చాలు, మన ఊరి వరసలు అక్కడికి, అక్కడివి ఇక్కడికి వచ్చి పడతాయి. రెండు పట్టికలు కలిపేటప్పుడు ఊరి పేరుతో కలపొద్దు, గ్రామ కోడ్‌తో కలపండి. కోడ్ ముందున్న సున్నా పోలేదని చూసుకున్నాకే.

ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలకు ఒక మాట. చాలా కంపెనీల్లో ఒక సీఎస్‌వీ ఇచ్చి, ఇందులో ఏం కనిపించిందో చెప్పమంటారు. వెంటనే సగటు, చార్టు అంటూ పరిగెత్తకండి. వరసలెన్ని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ కాలమ్‌లో ఎన్ని ఖాళీలు, ఈ అంకె ఏ కొలతలో ఉంది అని అడగండి. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు, ఈ ప్రశ్నలు వేసేవాళ్లు వాళ్లకు తక్కువగా దొరుకుతారు. గుంట 39 దాటదనీ, మనూళ్లో జనవరిలో వాన రాదనీ తెలిసిన మనిషి కోడ్ నేర్చుకుంటే, కోడ్ మాత్రమే తెలిసిన మనిషికంటే ఆ ఫైలును ఎంతో లోతుగా చదవగలరు. ఈ తెలివిని పల్లెటూరి సంగతులని దాచుకోవద్దు.

ఉద్యోగంలో చేరాక ఒక అలవాటు చేసుకోండి. అంకె పంపే ప్రతి మెయిల్ కింద నాలుగు ముక్కలు రాయండి: ఫైలు ఎప్పుడు వచ్చింది, వరసలెన్ని, ఏవి తీసేశాను, ఎందుకు తీసేశాను. ఆరు నెలల తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే ఆ నాలుగు ముక్కలే మీకు అండ.

ఫైలు అర్థంకాక సాయం అడగాల్సి వస్తే, తెర ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తుంటారు. ఆ ఐదు వరసల్లో ఐదుగురు మనుషుల పేర్లు, ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు ఉంటాయి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం మాట అలా ఉంచినా, వాళ్లు మన ఊరివాళ్లు. డ్రాప్ అనే ఆదేశంతో ఆ కాలమ్‌లు తీసేసి, మిగిలినదానికి హెడ్ కొట్టి, ఆ ఫోటో పంపండి.